చేప నెత్తురు గుర్తుపట్టలేని చక్కెర

మందుల ఫ్యాక్టరీలున్న పటాన్‌చెరులో చేపల మీద ఉపన్యాసం అంటే చచ్చి తేలిన చేపల గురించే అనుకుంటారు. తప్పులేదు. 2017 అక్టోబరులో గండిగూడెం చెరువులో చేపలు గుట్టలుగా తేలితే ఆ సంగతి పత్రికలకెక్కింది. పత్రికలకెక్కని చావులు ఎన్ని ఉన్నాయో ఈ హాల్లో ఉన్న ముదిరాజ్, గంగపుత్ర మత్స్యకార సోదరులకు నేను చెప్పనక్కర్లేదు.

కానీ చెరువులో చేప రెండు తీర్ల చస్తుంది. బొచ్చె, రోహు, మృగాల, బంగారుతీగ అన్నీ కలిసి రాత్రికి రాత్రే తేలాయంటే అది జబ్బు కాదు. నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి ఉండాలి, లేదా ఏదో కలిసి ఉండాలి. పైకొచ్చి గాలి పీల్చుకునే కొరమీను కూడా చచ్చిందంటే ఆక్సిజన్ ఒక్కదాని మీదే నింద వేయకండి. జబ్బు నడక వేరు. మొదట గట్టు వార నాలుగు చేపలు మందకొడిగా తిరుగుతాయి. పొట్ట కింద, రెక్కల మొదట్లో ఎర్రమచ్చలు కనిపిస్తాయి. పొట్ట నీరు పట్టి ఉబ్బుతుంది, పొలుసులు లేచి నిలబడతాయి. రోజూ కొన్ని, అవీ ఎక్కువగా ఒకటి రెండు జాతులవే పోతుంటాయి. మొదటి చావు మీద కోర్టుల్లో, సభల్లో ఎంతో మాట్లాడుకున్నాం. రెండో దాని మీద, అందులోనూ కంటికి కనిపించని ఒక చిన్న సంగతి మీద ఈ రోజు మాట్లాడతాను. జబ్బు చేసే బ్యాక్టీరియా ఒంటి మీద ఉండే చక్కెరల సంగతి అది.

"సార్, ఏ మందు కొట్టమంటారు?" అని ఎవరైనా చచ్చిన చేపను సంచిలో తెస్తే మాకు చదువు చెప్పిన మాస్టారు దాన్ని పక్కన పెట్టి, "బతికున్న చేప తెచ్చావా? నీళ్లు తెచ్చావా?" అని అడిగేవారు. ఆ అడగడం వెనక ఎంత శాస్త్రం ఉందో మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నేను చెప్పబోయేదంతా ఆ రెండు ప్రశ్నలకు వ్యాఖ్యానమే అనుకోండి.

ఎర్రమచ్చలు, ఉబ్బు చూపించే జబ్బులో మన చెరువుల్లో ఎక్కువగా దొరికే బ్యాక్టీరియా ఏరోమోనాస్ హైడ్రోఫిలా. దీన్ని ఎక్కడి నుంచో ఎవరూ తేనక్కర్లేదు. మంచి నీళ్లలోనూ ఉంటుంది, ఆరోగ్యంగా ఉన్న చేప పేగుల్లోనూ ఉంటుంది. అలాంటప్పుడు అన్ని చేపలూ ఎప్పుడూ ఎందుకు చావవు? ఎందుకంటే చేపకు గట్టి కాపలా ఉంది. ఒంటి మీది జిగురులో లైసోజైమ్ ఉంటుంది, చక్కెరలను పట్టుకుని బ్యాక్టీరియాను ముద్దగా చేసే లెక్టిన్లు ఉంటాయి. లోపల తల మూత్రపిండంలో పుట్టే భక్షక కణాలు ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యంగా నెత్తుటిలో కాంప్లిమెంట్ ఉంటుంది. కాంప్లిమెంట్ అంటే ఒకదాన్నొకటి మేల్కొలుపుకునే ప్రోటీన్ల గుంపు. దీని మీద పరిశోధన చేసిన జూల్స్ బోర్డేకు 1919 నోబెల్ బహుమతి వచ్చింది.

చేపలో కాంప్లిమెంట్‌కు ఉన్న బరువు మనలో లేదు. చేపది చల్లని నెత్తురు. టీకా వేసినా, జబ్బు సోకినా యాంటీబాడీలు తయారు కావడానికి వారాలు పడుతుంది. నీళ్లు చల్లబడితే ఇంకా ఆలస్యం. ఈలోపు యుద్ధంలో పెద్ద భాగం కాంప్లిమెంటే చేయాలి. అందుకే కాబోలు, యాంటీబాడీ సాయం లేకుండా నేరుగా మేల్కొనే కాంప్లిమెంట్ మార్గం చేపల్లో పాలిచ్చే జంతువుల కంటే చాలా చురుకుగా ఉంటుంది. సీ3 అనే ప్రోటీన్ ముక్క బ్యాక్టీరియా ఒంటికి అంటుకుంటుంది. అది అంటుకున్న చోటు చూసి భక్షక కణం వచ్చి మింగుతుంది. లేదా మరికొన్ని ప్రోటీన్లు అక్కడే వలయంగా చేరి బ్యాక్టీరియా పొరకు కన్నం పెడతాయి. నీళ్లు లోపలికి దూరి అది పగిలిపోతుంది.

ఇక బ్యాక్టీరియా వైపు చూద్దాం. ఏరోమోనాస్ లాంటి వాటి బయటి పొరలో లైపోపాలీశాకరైడ్ అనే అణువులు దట్టంగా పాతుకుని ఉంటాయి. అడుగున కొవ్వు, దాని పైన కొన్ని చక్కెరల మొదలు, ఆ పైన ఓ-యాంటిజెన్ అనే పొడవాటి చక్కెరల గొలుసు. మూడు నాలుగు చక్కెరలు కలిసిన ఒకే కట్టు పదే పదే వచ్చి ఆ గొలుసు పొడుగవుతుంది. సీ3 వచ్చి అంటుకునేది ఈ గొలుసుల చివర్లకు. కన్నం పెట్టే వలయం కూడా అక్కడే, పొరకు ఎంతో దూరాన కట్టుకుంటుంది. ఇంటి గోడకు దూరంగా ముళ్లకంప వేస్తే దొంగ నిచ్చెన కంపకే ఆనించాల్సి వస్తుంది, గోడ దాకా చేరదు. ఇదీ అంతే. కాంప్లిమెంట్ మేల్కొంటుంది, ప్రోటీన్లు ఖర్చవుతాయి, బ్యాక్టీరియా మాత్రం బతికి బయటపడుతుంది. అదే జాతిలో గొలుసు పోగొట్టుకున్న బ్యాక్టీరియాను తాజా చేప సీరంలో వేస్తే కాసేపటికే చస్తుంది.

వైబ్రియో ఆంగ్విల్లారం అనే సముద్రపు బ్యాక్టీరియా రెయిన్‌బో ట్రౌట్ సీరాన్ని తట్టుకోవడానికి కారణం ఈ ఓ-యాంటిజెనే అని 1999లో తేలింది. 2012లో ఇంకో సంగతి బయటపడింది. ట్రౌట్ చర్మంలోని మామూలు పైపొర కణాలు కూడా బ్యాక్టీరియాను మింగగలవు. అయితే ఓ-యాంటిజెన్ ఉన్న వైబ్రియోను అవి మింగలేకపోయాయి. గొలుసు తీసేస్తే మింగాయి. అంటే నెత్తుటి దాకా పోకముందే, చేప తోలు మీదే గెలుపోటములు తేలిపోతున్నాయి.

ఈ చక్కెరల కథ చేపలతో మొదలు కాలేదు. న్యుమోనియా బ్యాక్టీరియా చుట్టూ ఉన్న తొడుగు ప్రోటీన్ కాదు, చక్కెర అని 1923లో న్యూయార్క్‌లో మైకేల్ హైడెల్‌బర్గర్, ఆస్వాల్డ్ ఏవరీ చూపించారు. రోగనిరోధక వ్యవస్థ ప్రోటీన్లను మాత్రమే పట్టించుకుంటుందని అంతా నమ్ముతున్న రోజులవి. చాలామంది ఒప్పుకోలేదు. 1928లో ఫ్రెడరిక్ గ్రిఫిత్ ఎలుకల మీద చేసిన ప్రయోగం మన పిల్లలు ఇంటర్మీడియట్ పుస్తకంలో చదువుతారు. తొడుగున్న నున్నని బ్యాక్టీరియా ఎలుకను చంపింది, తొడుగు లేని గరుకుది చంపలేదు. చచ్చిన నున్ననిదాన్ని, బతికున్న గరుకుదాన్ని కలిపి ఇస్తే ఎలుక చచ్చింది. డీఎన్‌ఏ దగ్గరికి దారి తీసిన ప్రయోగం కాబట్టి దాన్ని జన్యుశాస్త్రం ఖాతాలో రాసేశాం. అసలు అందులో చంపడానికీ చంపకపోవడానికీ తేడా ఒక చక్కెర పొర అన్న మాట పరీక్ష పేపరులో ఎవరూ అడగరు.

మన ప్రయోగశాలలకు నేరుగా తగిలే ఫలితం ఒకటి చెబుతాను. బార్సిలోనాలో మెరినో, తోమాస్ బృందం 1992లో ప్రచురించిన పని ఇది. ఏరోమోనాస్ హైడ్రోఫిలాలో ఓ:34 అనే రకాన్ని 20 డిగ్రీల దగ్గర పెంచితే పొడవాటి ఓ-యాంటిజెన్ గొలుసులు వచ్చాయి. అదే బ్యాక్టీరియాను 37 డిగ్రీల దగ్గర పెంచితే గొలుసులు పోయి గరుకుగా తయారైంది. చల్లగా పెరిగినది చేపలకూ ఎలుకలకూ ఎక్కువ ప్రమాదకరం. ఇప్పుడు మన ఊళ్ల ల్యాబుల్లో ఇంక్యుబేటర్ ఎంతకు పెడతారో ఆలోచించండి. చాలాసార్లు మనుషుల నమూనాలకు పెట్టిన 37 డిగ్రీల దగ్గరే చేప నమూనా కూడా పెట్టేస్తారు. చలికాలం తెల్లవారుజామున సంగారెడ్డి చెరువు నీళ్లు ఇరవై డిగ్రీల దగ్గరకు దిగుతాయి. చేపను చంపిన బ్యాక్టీరియా వేరు వేషంలో ఉంది, ల్యాబులో మనం చూసేది వేరు వేషం. ఇలా పెంచినదాంతో టీకా తయారుచేస్తే చేపకు చెరువులో ఎదురుపడని శత్రువును చూపించినట్టవుతుంది.

నీళ్లు చల్లబడేసరికి చేప యాంటీబాడీలు మందగిస్తాయన్నాను. అదే వేళకు ఈ రకం బ్యాక్టీరియా గొలుసుల పొడుగు పెంచుకుంటుంది. చలికాలం ఎర్రమచ్చల గురించి మన మత్స్యకారులకు ఉన్న భయానికి ఈ రెంటిలోనూ ఆధారం ఉంది.

ఏరోమోనాస్ చేసేది కాంప్లిమెంట్‌ను దూరంగా నిలబెట్టడం. స్ట్రెప్టోకాకస్ చేసేది అంతకంటే తెలివైన మోసం. తిలాపియాను ఎక్కువగా చంపే స్ట్రెప్టోకాకస్ అగలాక్టియే చుట్టూ ఉండే చక్కెర తొడుగు కొసల్లో సియాలిక్ ఆమ్లం ఉంటుంది. మన కణాల మీద, చేప కణాల మీద సహజంగా ఉండేది కూడా సియాలిక్ ఆమ్లమే. అది కనిపించిన చోట "ఇది మన ఇంటి మనిషే" అని కాంప్లిమెంట్ వెనక్కి తగ్గుతుంది. బ్యాక్టీరియా ఆ గుర్తును తగిలించుకుని తిరుగుతుంది. ఈ మోసం చేపలతో ఆగలేదు. 2015లో సింగపూర్‌లో పచ్చి మంచినీటి చేప తిన్నవాళ్లకు ఇదే బ్యాక్టీరియాలో ఒక రకం సోకి, చాలామందికి నెత్తురు విషమయమైంది. మనం చేపను పులుసు పెట్టుకుంటాం కాబట్టి తినేవాళ్లకు ఆ భయం తక్కువ. చేప కోసేవాళ్లకు మాత్రం లేదని చెప్పలేను. స్ట్రెప్టోకాకస్ ఇనియే అనే దగ్గరి చుట్టం 1995-96లో కెనడాలోని టొరాంటోలో చేపలు శుభ్రం చేసేటప్పుడు చేతులు గీసుకున్నవాళ్లకు సోకింది.

ఈ ఇనియేదే ఇంకో పాఠం ఉంది. ఆస్ట్రేలియాలో పండుగప్ప ఫారాల్లో దానికి టీకా వేశారు. కొంతకాలం పనిచేసింది. తరువాత టీకా వేసిన చేపలే చావసాగాయి. చచ్చిన చేపల్లోంచి తీసిన బ్యాక్టీరియాను చూస్తే, తొడుగు చక్కెరలను తయారుచేసే జన్యువుల్లో మార్పులు వచ్చి ఉన్నాయి. టీకా నేర్పిన ముఖం ఒకటి, ఎదురుపడ్డ ముఖం ఒకటి. ఏరోమోనాస్‌లో ఇలాంటి ఓ-యాంటిజెన్ రకాలు తొంభైకి పైగా గుర్తించారు. ఒక్క సీసాతో అన్నిటికీ టీకా అని ఎవరైనా అమ్మవస్తే ఈ అంకె అడగండి.

ఇప్పుడు మన ఊరి సంగతికి వస్తాను. 1960లలో బాలానగర్‌లో ఐడీపీఎల్ వచ్చింది. 1970 పేటెంట్ చట్టం తరువాత అక్కడ పని నేర్చుకున్నవాళ్లు సొంతంగా బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలు పెట్టారు. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, కాజీపల్లి, గడ్డపోతారం ఆ విస్తరణలో భాగం. ప్రపంచానికి చవకగా యాంటీబయాటిక్‌లు అందాయంటే ఈ నేల పాత్ర చాలా ఉంది. ఆ మాట చెప్పకుండా కాలుష్యం మాటే చెబితే అన్యాయం. కాలుష్యం మాట చెప్పకుండా ఆ గొప్ప ఒక్కటే చెబితే ఇంకా అన్యాయం. పటాన్‌చెరులో వైద్యం చేస్తూ ఈ నీళ్ల కోసం దశాబ్దాల పాటు పోరాడిన డాక్టర్ అల్లాని కిషన్ రావు గారిని తలుచుకోకుండా ఈ ఊళ్లో ఈ విషయం మాట్లాడకూడదు. 1990లో సుప్రీంకోర్టుకెక్కిన కేసు చేతులు మారి జాతీయ హరిత ట్రిబ్యునల్ దగ్గర ముగిసేసరికి 2017 అయింది.

2007లో స్వీడన్‌కు చెందిన యోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లను పరీక్షించి ప్రచురించిన లెక్క మీలో చాలామందికి తెలుసు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ ఉంది. ఆ మాత్ర వేసుకున్న మనిషి నెత్తుటిలో కూడా అంత ఉండదు. దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలం అక్కడికి చేరేది. ఆ నీళ్లు ఇసుకవాగు, నక్కవాగు మీదుగా మంజీరలో కలిసేవి. తరువాత పైపు వేసి అంబర్‌పేట వైపు మళ్లించారు. 2009లో లార్సన్ తోటి శాస్త్రవేత్తలతో కలిసి ఈ ప్రాంతపు చెరువు నీళ్లలో లీటరుకు 6.5 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ చూపించారు. ఊరి బావుల్లోనూ మందులు దొరికాయి. ఆ తరువాతి పరిశోధనలు వాగు బురదలో మందులను తట్టుకునే జన్యువులు, వాటిని ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి మోసే జన్యు వాహనాలు విపరీతంగా ఉన్నాయని చెప్పాయి.

దీంతో ప్రపంచం పటాన్‌చెరును మందులకు లొంగని బ్యాక్టీరియా పేరుతోనే గుర్తుపెట్టుకుంది. నేను కాదనను. అయితే ఈ చర్చలో ఒక పాత్ర అసలు కనిపించడం లేదు. అది చేప.

చేప జబ్బులకు మేతలో కలిపి చెరువుల్లో ఎక్కువగా వాడిన యాంటీబయాటిక్‌లలో ఒకటి ఆక్సీటెట్రాసైక్లిన్. టెట్రాసైక్లిన్ల వంశానికి మూలపురుషుడు ఆరియోమైసిన్. అది 1948లో లోకానికి తెలిసింది లెడర్లీ ప్రయోగశాల నుంచి. అక్కడ పరిశోధనను నడిపింది మన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన 1895లో పుట్టింది భీమవరంలో. ఈ రోజు తెలుగునాట చేపల చెరువులకు రాజధాని లాంటి ఊరు అది. ఆయన పుట్టిన ఊరి చుట్టూ నీళ్లలో ఆయన ప్రయోగశాల ఇచ్చిన మందు చెల్లెళ్లు ఇలా మేతలో కలుస్తాయని ఆయన ఊహించి ఉండరు. ఈ మందుల గురించి మేత కొట్టు దగ్గర ఎవరూ చెప్పని విషయం ఒకటి ఉంది. టెట్రాసైక్లిన్ బ్యాక్టీరియాను చంపదు, పెరగకుండా ఆపుతుంది. ఆగినదాన్ని చంపాల్సింది చేప నెత్తురు. కాంప్లిమెంట్, భక్షక కణాలు మిగతా పని చేయాలి. ఇప్పుడు ఆ బ్యాక్టీరియా ఒంటి మీద పొడవాటి చక్కెర గొలుసులు ఉన్నాయనుకోండి. దానిలో మందును తట్టుకునే జన్యువు ఒక్కటీ లేకపోయినా, ల్యాబ్ రిపోర్టులో "ఈ మందుకు లొంగుతుంది" అని రాసి ఉన్నా, చెరువులో చేపలు చస్తూనే ఉంటాయి. రైతు మోతాదు పెంచుతాడు. ఆ తరువాత మందు మారుస్తాడు. మందులకు లొంగని జన్యువులకు అలా మేత వేస్తాడు.

అంటే బ్యాక్టీరియాకు రెండు కవచాలున్నాయి. మందుల ఫ్యాక్టరీల నీళ్లు పెంచినది కొత్త కవచం. చక్కెరది అంతకంటే ఎంతో పాతది. కొత్తదాన్ని మాత్రమే లెక్కపెడితే చేప ఎందుకు చచ్చిందో సగమే తెలుస్తుంది. లెక్కలో చేప సొంత బలం కూడా పడాలి. పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నీళ్లను 500 రెట్లు పలచన చేసి రెయిన్‌బో ట్రౌట్లను అందులో ఉంచితే వాటి కాలేయంలో జన్యువుల పనితీరు మారిందని 2009లో స్వీడన్ శాస్త్రవేత్తలు చూపించారు. అంత పలచని నీళ్లలో చేప చావలేదు, పైకి బాగానే ఉంది. లోపల మాత్రం తనలోకి వచ్చినదాన్ని విరగ్గొట్టే పనిలో పడింది. విషాన్ని విరగ్గొడుతూ, తక్కువ ఆక్సిజన్‌తో నెట్టుకొచ్చే చేప దగ్గర ఏరోమోనాస్‌తో పోరాడే ఓపిక ఎంత మిగులుతుంది? మాస్టారు నీళ్లు అడిగింది ఇందుకే.

మందులు తక్కువ మోతాదులో ఉన్న నీళ్లలో చక్కెర తొడుగే మందమైతే? ఇది ఊహ మాత్రమే కాదు. ఆసుపత్రుల్లో పీడించే ఏసినెటోబాక్టర్ బౌమానై మీద గైసింగర్, ఇస్బర్గ్ 2015లో పరీక్షించారు. చంపలేనంత తక్కువ మోతాదులో క్లోరంఫెనికాల్, ఎరిత్రోమైసిన్ ఇస్తే ఆ బ్యాక్టీరియా తన చక్కెర తొడుగును పెంచుకుంది, కాంప్లిమెంట్‌ను మరింత తట్టుకుంది. ఈ ప్రశ్నను మన ఏరోమోనాస్ మీద, మన చెరువు నీళ్లతో వేయాలి. ఇక్రిశాట్ ఉన్న ఊరు, కంది దగ్గర ఐఐటీ ఉన్న జిల్లా. పరికరాలు లేవని అనడానికి వీల్లేదు.

చక్కెర తొడుగుకు బలహీనతలూ ఉన్నాయి. బ్యాక్టీరియాను తినే వైరస్‌లు, అంటే ఫేజ్‌లు, చాలావరకు ఈ చక్కెరలనే పట్టుకుని లోపలికి దూరతాయి. ఫేజ్ దాడి చేస్తే బ్యాక్టీరియా తప్పించుకోవడానికి తన పైపొరను మార్చుకోవాలి. మార్చుకుంటే చేప చేతికి చిక్కే అవకాశం ఉంది. మొప్పల కుళ్లు తెచ్చే ఫ్లేవోబాక్టీరియం కాలమ్నారే మీద ఫిన్లాండ్‌లో 2012లో వచ్చిన పరిశోధనలో, ఫేజ్‌ను తట్టుకున్న బ్యాక్టీరియా చేపను చంపే శక్తిని కోల్పోయింది. నాకు ఈ దారి మీద ఆశ ఉంది. సీసాల్లో ఫేజ్‌లు అని ఇప్పటికే మొదలైన వ్యాపారం మీద అంత నమ్మకం లేదు.

ఇక టీకాలు. నార్వేలో 1987లో సాల్మన్ పెంపకానికి దాదాపు 50 టన్నుల యాంటీబయాటిక్ వాడారు. మంచి టీకాలు వచ్చాక, చేపల ఉత్పత్తి ఎన్నో రెట్లు పెరిగినా వాడకం ఒక టన్నుకు అటూ ఇటూ దిగింది. ఆ లెక్క చూపించి మనమూ అదే చేద్దామంటారు. అక్కడ సముద్రంలోకి వదిలే ముందు ఒక్కో చేపకు సూది వేస్తారు. మన చెరువుల్లో ప్రభుత్వం పంచే పిల్లలు 35-40 మిల్లీమీటర్లవి, పెద్దవైతే 80-100 మిల్లీమీటర్లవి. లక్షల్లో వస్తాయి, లారీ దిగీదిగకముందే నీళ్లలో పడతాయి. వాటికి సూదులెవరు వేస్తారు? మనకు కావాల్సింది మేతలో గానీ, హ్యాచరీ తొట్లలో ముంచి గానీ ఇచ్చే టీకా. దాంట్లో ఉండే చక్కెర మన చెరువు బ్యాక్టీరియాదై ఉండాలి.

చక్కెరతో టీకా చేయడం హైదరాబాద్‌కు కొత్త విద్య కాదు. టైఫాయిడ్ బ్యాక్టీరియా చుట్టూ వీఐ అనే చక్కెర తొడుగు ఉంటుంది. దాన్ని ధనుర్వాతం ప్రోటీన్‌కు అతికించి భారత్ బయోటెక్ చేసిన టీకాకు 2017 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు వచ్చింది. చక్కెర ఒక్కటే ఇస్తే పసిపిల్లల ఒంటికి అది గుర్తుండదు, ప్రోటీన్ తోడైతేనే గుర్తుంటుంది. అదే పద్ధతి ఉన్నదున్నట్టు చేపకు చేస్తే ఖర్చు గిట్టుబాటు కాకపోవచ్చు. అయినా చక్కెరను చూసి శత్రువును పోల్చుకునే విద్య ఇంత దగ్గర్లో ఉండగా, అది చెరువు దాకా రాకపోవడం నాకు మింగుడు పడదు.

విద్యార్థులకు ఒక పని చెప్పి ముగిస్తాను. ఖర్చు పెద్దగా ఉండదు. ఎర్రమచ్చల చేప దొరికితే, మాస్టారు అడిగినట్టు బతికున్నదాన్నే తీసుకుని, దాని మూత్రపిండం నుంచి బ్యాక్టీరియా తీయండి. ఒక పళ్లెం 37 డిగ్రీల దగ్గర, ఒకటి చెరువు నీళ్ల వేడి దగ్గర పెంచండి. ఆరోగ్యంగా ఉన్న రోహు సీరం తాజాగా తీసి రెండు భాగాలు చేయండి. ఒక భాగాన్ని కాంప్లిమెంట్ పోయేలా వేడిచేయండి, ఇంకోదాన్ని అలాగే ఉంచండి. బ్యాక్టీరియాను రెంటిలోనూ వేసి, గంట గంటకూ ఎన్ని బతికాయో లెక్కపెట్టండి. తాజా సీరంలో బతికినదాన్ని ఏ ఊరి చెరువుదో, నీళ్ల వేడి, ఆక్సిజన్ ఎంతో, ఏ మందు వాడారో రాసి, గడ్డకట్టించి దాచండి. ఇస్నాపూర్ నుంచి సింగూరు దాకా ఒక్కో చెరువుకు ఇలా కొన్ని నమూనాలు చేరితే, మన నీళ్లలో ఏ తొడుగులు తిరుగుతున్నాయో మొదటిసారి మన చేతిలో ఒక జాబితా ఉంటుంది. టీకా చేసేవాళ్లు అడగాల్సింది ఆ జాబితానే.